రబ్బరును పొడిచేసే యంత్రానికి కళ్లెం

1820లో లండన్‌లో థామస్ హాంకాక్ అనే తయారీదారుకి ఒక చిక్కు వచ్చిపడింది. పచ్చి రబ్బరును సన్నని పట్టీలుగా కోసి, చేతితొడుగులకీ దుస్తులకీ సాగే పట్టీలుగా అమ్మడం అతని వ్యాపారం. కోయగా మిగిలిన ముక్కలు గుట్టలు పడుతున్నాయి. వాటిని ఇంకా సన్నగా చీల్చేస్తే దేనికైనా పనికొస్తాయనుకుని ఒక యంత్రం చేయించాడు. లోపలి గోడలకు మేకులున్న ఒక గుల్ల, దాని మధ్యలో మేకులున్న రోలరు, తిప్పడానికి చేతిపిడి. ముక్కలు వేసి తిప్పాడు. తిప్పేకొద్దీ పిడి బరువెక్కింది. తెరిచి చూస్తే లోపల తునకలు లేవు. ముక్కలన్నీ ఏకమై ఒకే ముద్దగా ఉన్నాయి, ముట్టుకుంటే వేడి.

అతను కోరినదానికి సరిగ్గా ఉల్టాగా పనిచేసిన ఆ యంత్రమే అతని వ్యాపారాన్ని నిలబెట్టింది. చిత్తు రబ్బరును దిమ్మెలుగా మార్చడానికి దాన్ని వాడుకున్నాడు. పోటీదారులకు తెలియకూడదని కార్ఖానాలో దాన్ని ‘పికిల్’ అనే మారుపేరుతో పిలిపించాడు, ఏళ్ల తరబడి రహస్యంగా ఉంచాడు.

రబ్బరును నూరబోయిన వాళ్లందరికీ ఎదురయ్యే సమస్య ఆ మొదటి ప్రయోగంలోనే బయటపడింది. చేతితో తిప్పినా, మోటారుతో తిప్పినా, రబ్బరు మీద పెట్టిన శ్రమలో ఎక్కువ భాగం ముక్కలు చేయడానికి ఖర్చవదు. వేడిగా మారుతుంది. ఈనాడు పాత టైర్లను అర మిల్లీమీటరు పొడిగా మార్చే కర్మాగారాల్లో వరసగా పది పన్నెండు యంత్రాలు, వందల కిలోవాట్ల మోటార్లు, గోడ పొడవునా కంట్రోల్ ప్యానెళ్లు కనిపిస్తాయి. వాటిలో జరిగే నియంత్రణలో సింహభాగం ఆ వేడిని ఎక్కడ పుట్టనివ్వాలి, ఎక్కడ పుట్టనివ్వకూడదు, పుట్టినదాన్ని ఎలా బయటికి పంపాలి అన్నదే.

కరగదు, విరగదు

ఇనుప తుక్కును కరిగిస్తే మళ్లీ ఇనుమవుతుంది. ప్లాస్టిక్ సీసాను కరిగించి దారం తీస్తారు. టైరు విషయంలో ఆ దారి 1839లోనే మూసుకుపోయింది. ఆ ఏడాది అమెరికాలో చార్లెస్ గుడియర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే అది ఎండకు జిగురెక్కదనీ చలికి బిర్రబిగుసుకోదనీ కనిపెట్టాడు. రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు. గంధకం వాటి మధ్య అడ్డబంధాలు వేసి మొత్తాన్ని ఒకే వలగా అల్లేస్తుంది. వల్కనైజేషన్ అంటే అదే. ఆ బంధాల వల్లే టైరు వేల కిలోమీటర్లు తిరిగినా ఆకారం చెడదు. ఆ బంధాల వల్లే ఎంత వేడిచేసినా కరగదు. ఇంకా వేడిచేస్తే కాలిపోతుంది తప్ప ద్రవంగా మారదు. కాబట్టి తిరిగి వాడుకోవాలంటే మిగిలిన ముఖ్యమైన దారుల్లో ఒకటి, పొడి చేయడం.

రాయి పగులుతుంది, బియ్యపు గింజ విరుగుతుంది. రబ్బరు మాత్రం తెగేముందు సాగుతుంది. సాగి వెనక్కి వచ్చేటప్పుడు మనం పెట్టిన శక్తినంతా తిరిగివ్వదు, కొంత లోపలే వేడిగా మిగుల్చుకుంటుంది. వేగంగా వెళ్లిన లారీ టైరు ముట్టుకుంటే కాలేది ఇందుకే. కత్తి తగిలిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది.

పైగా, సన్నగా చేసేకొద్దీ పని పెరిగిపోతుంది. నూరడానికి పట్టే శక్తి కొత్తగా ఏర్పడే ఉపరితలాన్ని బట్టి ఉంటుందని ఆస్ట్రియా గనుల ఇంజనీరు పీటర్ ఫాన్ రిట్టింగర్ 1867లో ప్రతిపాదించాడు. ఒక సెంటీమీటరు ఘనాన్ని తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 0.1 మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 10 లక్షల ముక్కలవుతాయి. వాటన్నిటి ఉపరితలం కలిపితే 600 చదరపు సెంటీమీటర్లు. రబ్బరు అంతే ఉంది, కోత ముఖాలు మాత్రం వంద రెట్లయ్యాయి.

టైరులో ఉన్నది రబ్బరు ఒక్కటే కూడా కాదు. సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు కలిపి సుమారు సగం. ఆ తరవాత నల్లరంగునిచ్చే కార్బన్ బ్లాక్, నూనెలు, గంధకం, నైలాన్ లేదా పాలియెస్టర్ దారాలు, ఉక్కు. 1946లో మిషెలిన్ సంస్థ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకున్నాక ఉక్కు తీగల పట్టీలు టైరులో మామూలైపోయాయి. చక్రపు అంచును పట్టుకునే బీడ్ వైరు అయితే మరీ గట్టి ఉక్కు. వాహనం నడిపేవారికి అది భద్రత, నూరేవాడి కత్తికి మాత్రం శత్రువు.

మొదటి కొరుకుడు

అందుకే చాలా చోట్ల లారీ టైరు లోపలికి వెళ్లేముందే హైడ్రాలిక్ కొక్కెంతో బీడ్ వైరును పీకేస్తారు. ఆ తరవాత ష్రెడర్. ఎదురెదురుగా తిరిగే రెండు ఇరుసులు, వాటి మీద కొక్కేల్లాంటి పళ్లున్న ఉక్కు బిళ్లలు. ఇది పరుగులు పెట్టే యంత్రం కాదు. నిమిషానికి కొన్ని పదుల చుట్లే తిరుగుతుంది, కానీ మెలితిప్పే బలం అపారం. టైరును లోపలికి లాక్కుని అరచేతి పరిమాణం ముక్కలుగా చీల్చేస్తుంది.

ఇక్కడ నియంత్రణకు కన్నూ చెవీ రెండూ మోటారు కరెంటే. పళ్ల మధ్య ఏముందో చూసే కెమెరాకు ఆ దుమ్ములో పెద్దగా పనుండదు. మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూస్తే లోపల కోత సాఫీగా సాగుతోందా, ఏదైనా ఇరుక్కుందా తెలిసిపోతుంది. మామూలు ఇండక్షన్ మోటారు కదలకుండా బిగుసుకుపోతే రేటింగుకు ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. తీగచుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఆరు రెట్ల కరెంటు అంటే ముప్ఫై ఆరు రెట్ల వేడి. కొన్ని సెకన్లు అలా వదిలేస్తే ఇన్సులేషన్ మాడిపోతుంది.

దీనికి విరుగుడుగా పెట్టిన తర్కం వినడానికి సులువే. కరెంటు గీత దాటి ఒకటి రెండు సెకన్లు అక్కడే ఉంటే ఇరుసులను ఆపాలి. కొద్ది సెకన్లు వెనక్కి తిప్పి ఇరుక్కున్నదాన్ని వదిలించాలి. మళ్లీ ముందుకు తిప్పాలి. మూడు నాలుగు సార్లు ప్రయత్నించినా అదే పరిస్థితి అయితే ఆగి, హారన్ కొట్టి మనిషిని పిలవాలి. ఇందులో సున్నితమైనది ఆ గీతను ఎక్కడ గీయాలన్నదే. కిందికి గీస్తే ప్రతి లారీ టైరుకీ యంత్రం వెనక్కి తిరుగుతూ కూర్చుంటుంది, పైకి గీస్తే గేర్‌బాక్సు పళ్లు లేస్తాయి.

అనుభవమున్న మెయింటెనెన్స్ ఇంజనీరు ఈ వెనకడుగుల లెక్కను ఇంకో పనికి వాడుకుంటాడు. అవే టైర్లు, అదే వేగం, అయినా షిఫ్టుకు వెనకడుగులు పెరుగుతున్నాయంటే కత్తులు మొద్దుబారినట్టు. మొద్దుబారిన కత్తి కోయదు, నమిలి లాగుతుంది. లాగితే రబ్బరు సాగుతుంది, సాగితే వేడెక్కుతుంది. కరెంటు బిల్లు పెరగడం కూడా అక్కడే మొదలవుతుంది.

బెల్టు చివర ఇరవై సెకన్లు

ష్రెడర్ ముక్కలు గ్రాన్యులేటర్‌లోకి వెళ్తాయి. దీని రోటారు కత్తులకీ స్థిరమైన కత్తులకీ మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతుల లెక్క. ఇందులోంచి సెంటీమీటరు లోపు గుళికలు వస్తాయి. ఉక్కు తీగ ఇక్కడే రబ్బరు నుంచి విడిపోతుంది. బెల్టు మీద వేలాడే అయస్కాంతాలు దాన్ని ఎత్తేస్తాయి. దూదిలా తేలే దారాలను గాలితో పీల్చేస్తారు.

గ్రాన్యులేటర్‌కు మేత తగ్గితే కరెంటు దండగ, ఎక్కువైతే మోటారు కుదేలు. అందుకే మోటారు కరెంటు ఒక స్థాయిలో నిలిచేలా బెల్టు మీదికి మేత వదిలే హాపర్ (తొట్టి) గేటును తెరుస్తూ మూస్తూ ఉండాలి. చూడ్డానికి ఇంత తేలిక పని ఎందుకు కుదురుగా సాగదో తెలియాలంటే ఓడల దాకా వెళ్లాలి.

రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నికొలస్ మినార్స్కీ 1922లో ఓడను తనంతట తాను దారిలో నిలిపే పద్ధతి మీద పరిశోధన పత్రం ప్రచురించాడు. అనుభవమున్న చుక్కానిదారు ఏం చేస్తాడో గమనించి దాన్ని గణితంలోకి దించాడు. ఓడ ఇప్పుడు ఎంత పక్కకు జరిగిందో చూస్తాడు. ఇంతసేపూ ఒకే పక్కకు జరుగుతూ వచ్చిందా అని గుర్తుపెట్టుకుంటాడు. ఎంత జోరుగా తిరుగుతోందో అంచనా వేసి, దారిలోకి రాకముందే చుక్కానిని వెనక్కి తిప్పుతాడు. అమెరికా నౌకాదళం న్యూ మెక్సికో అనే యుద్ధనౌక మీద దీన్ని పరీక్షించింది. వర్తమానం, గతం, రాబోయేది అనే ఈ మూడు లెక్కల కూడికనే ఇంజనీర్లు పీఐడీ కంట్రోలర్ అంటారు. రబ్బరు మిల్లు ప్యానెల్లో ఉన్నది కూడా అదే.

ఇక బెల్టు దగ్గరికి వద్దాం. ఉదాహరణకు బెల్టు పొడవు పది మీటర్లు, వేగం సెకనుకు అర మీటరు అనుకుందాం. హాపర్ దగ్గర ఇప్పుడు పడ్డ ముక్క కత్తుల దగ్గరికి చేరడానికి ఇరవై సెకన్లు పడుతుంది. మోటారు ఖాళీగా ఉందని కంట్రోలర్ హాపర్ గేటు తెరిచిందనుకోండి. ఐదు సెకన్లయినా కరెంటు కదలదు. ఇంకా తెరుస్తుంది. పది సెకన్లు, ఇంకా తెరుస్తుంది. ఇరవయ్యో సెకనులో మొదటి విడత వచ్చి పడుతుంది, దాని వెనకే అంతకంతకూ పెద్ద విడతలు. కరెంటు గీత దాటగానే కంట్రోలర్ కంగారుపడి గేటు మూసేస్తుంది. కానీ బెల్టు మీద ఉన్నది ఎలాగూ వచ్చి పడాల్సిందే. తరవాత కరువు, మళ్లీ వరద. ఊగుతున్న ఈ కరెంటు గ్రాఫును చూస్తే ఇంజనీరుకు జబ్బేమిటో వెంటనే తెలుస్తుంది.

గతాన్ని కూడబెట్టే భాగం దీన్ని ఇంకా చెడగొడుతుంది. టైర్ల గుట్ట అయిపోయి లోడర్ డ్రైవరు టీకి వెళ్లాడనుకుందాం. పది నిమిషాలు మేత లేదు. ‘తక్కువ, తక్కువ’ అన్న లెక్కను కంట్రోలర్ కూడబెడుతూనే ఉంటుంది. డ్రైవరు తిరిగొచ్చి మొదటి బకెట్ వేసేసరికి ఆ పాత బాకీ అంతా తీర్చుకోవాలని గేటు బార్లా తెరిచి ఉంచుతుంది, గ్రాన్యులేటర్ గొంతు పట్టేస్తుంది. అందుకే మంచి ప్రోగ్రాముల్లో హాపర్ ఖాళీ అని సెన్సారు చెప్పగానే ఈ కూడిక ఆగిపోతుంది. ఆలస్యానికి మందు కూడా ఉంది. బెల్టు కింద తూకం పెట్టి, ఎంత సరుకు దారిలో ఉందో ముందే లెక్కవేయడం. దారిలో ఉన్న ఫలితాన్ని ముందే ఊహించి తొందరపడకుండా ఉండే గణిత పద్ధతిని 1957లో ఓట్టో స్మిత్ అందించాడు, దాన్ని అతని పేరుతోనే పిలుస్తారు.

వీటన్నిటికంటే పాత సెన్సారు ఆపరేటరు చెవి. పిండిమర దగ్గర నిలబడ్డవాడు రాళ్ల చప్పుడు మారగానే గింజ ధారను తగ్గించినట్టే, గ్రాన్యులేటర్ మోత బొంగురుపోయిందంటే మీటరు చూడకుండానే బెల్టు ఆపేసే ఆపరేటర్లు ఉంటారు.

వేడి గుండంలో జల్లెడ

గుళికలను పొడిగా మార్చే అసలు నూరుడు చాలా చోట్ల క్రాకర్ మిల్లులో జరుగుతుంది. గాళ్లు తీసిన రెండు బరువైన రోలర్లు పక్కపక్కన వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. ఒకటి నెమ్మది, ఒకటి జోరు. మధ్య సందులో పడ్డ రబ్బరు నలగడమే కాదు, రెండు వైపులా గుంజుకుని చిరుగుతుంది. రబ్బరును రెండు రోలర్ల మధ్య నలిపే ఈ ఏర్పాటుకు 1836లో అమెరికాలో ఎడ్విన్ చాఫీ పేటెంటు తీసుకున్నాడు. రోలర్ల లోపల చల్లటి నీరు పారుతుంది. లోపలికెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ ఉష్ణోగ్రతలో తేడా, నీరు పారే వేగం తెలిస్తే రబ్బరులో పుట్టిన వేడిలో ఎంత నీటితో బయటికి పోతోందో లెక్క కట్టేయవచ్చు.

రబ్బరు 100 డిగ్రీలు దాటేకొద్దీ దాని అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి దెబ్బతింటాయి. పొడి జిగటపడి గడ్డకడుతుంది, వాసన మారుతుంది. వేడి పెరిగితే సందు పెంచవచ్చు, మేత తగ్గించవచ్చు, నీరు పెంచవచ్చు. మూడింటికీ ధర ఉంది. సందు పెంచితే పొడి ముతక, మేత తగ్గిస్తే దిగుబడి తక్కువ, రోలరును మరీ చల్లబరిస్తే దాని మీద తేమ చేరుతుంది.

మిల్లు తరవాత జల్లెడ. ఈ రంగంలో పొడిని ‘మెష్’ లెక్కన అమ్ముతారు. అంగుళం పొడవులో ఎన్ని కన్నాలుంటే అంత మెష్. 30 మెష్ అంటే సుమారు 0.6 మిల్లీమీటరు, 80 మెష్ అంటే సుమారు 0.18. కన్నాల్లో దిగని ముతక మళ్లీ మిల్లుకే వెళ్తుంది. అంటే మిల్లులో పడేది కొత్త గుళికలూ, తిరిగొచ్చిన ముతకా కలిపిన బరువు.

ఆపరేటర్లను తప్పుదోవ పట్టించేది ఈ తిరుగుదారే. రబ్బరు పొడి సాగుతుంది కాబట్టి కన్నంలో దూరి అక్కడే బిగుసుకుంటుంది. జల్లెడ మూసుకుపోయేకొద్దీ సన్నగా నలిగిన పొడి కూడా కిందికి దిగక మిల్లుకు తిరిగెళ్తుంది. ఒకసారి నలిగింది మళ్లీ నలుగుతుంది, మళ్లీ వేడెక్కుతుంది, వేడెక్కినది మరింత జిగటగా వచ్చి మరిన్ని కన్నాలు మూస్తుంది. మిల్లు కరెంటు గంటల తరబడి మెల్లమెల్లగా పెరుగుతుంది. చూసేవాడికి మిల్లులో లోపంలా కనిపిస్తుంది, లోపం మాత్రం జల్లెడలో ఉంటుంది. అందుకే తెలివైన ఏర్పాట్లలో తిరుగుదారి ఎలివేటరు మోటారుకూ విడిగా కరెంటు మీటరు పెడతారు. కొత్త మేత పెరగకుండా తిరుగుదారి బరువు పెరిగితే జల్లెడ చూడమని ప్యానెల్ హెచ్చరిస్తుంది. జల్లెడ కింద అరలో ఎగిరి తట్టేందుకు బంతులు వేస్తారు. ఇరుక్కున్న రబ్బరును విడిపించే ఆ బంతులూ తరచు రబ్బరువే. సన్నపొడి అంటుకోకుండా కొద్దిగా సుద్దపొడో టాల్కో చల్లుతారు.

గాజులా పగలగొట్టాలంటే

వేడితో ఇంత తంటా ఎందుకని కొందరు రెండో కొసకు వెళ్లారు. సహజ రబ్బరు సుమారు మైనస్ 70 డిగ్రీల దగ్గర సాగే గుణం పోగొట్టుకుని గాజులా పెళుసవుతుంది. టైర్లలో వాడే పాలీబ్యూటాడయీన్ రబ్బరుకు ఆ గీత మైనస్ 100 దగ్గర. ద్రవ నైట్రోజన్ మరిగేది మైనస్ 196 డిగ్రీల వద్ద. గుళికల మీద దాన్ని చల్లి, పెళుసైన రబ్బరును సుత్తుల మిల్లులో కొడితే చప్పున పగిలిపోతుంది. శ్రమ తక్కువ, పొడి చాలా సన్నం.

ఖర్చు నైట్రోజన్ దగ్గర ఉంటుంది. కిలో రబ్బరుకు అర కిలో నుంచి కిలో దాకా ద్రవ నైట్రోజన్ పడుతుందని ఈ రంగంలో అంచనా. కాబట్టి వాల్వును ఎంత తెరవాలన్నది రోజూ డబ్బుతో ముడిపడ్డ నిర్ణయం. తగ్గించి పోస్తే ఏమవుతుంది? రబ్బరు ఉష్ణోగ్రత పెళుసుతనపు గీత దాటి పైకొస్తుంది. అప్పుడు సుత్తి దెబ్బకు పగలకుండా వంగుతుంది, వంగి వేడెక్కుతుంది, వేడెక్కి ఇంకా మెత్తబడుతుంది. ఒకసారి మొదలైతే ఈ జారుడు దానంతట ఆగదు. ఇలాంటి చోట కంట్రోలరు మెల్లగా సవరించుకుంటూ కూర్చోవడానికి వీల్లేదు. మిల్లు నుంచి బయటికొచ్చే పొడి ఉష్ణోగ్రత గీత దాటగానే ముందు మేత ఆగిపోవాలి.

ఇంకో తేడా పొడి ఆకారంలో ఉంది. చలిలో పగిలిన రేణువుకు నున్నటి ముఖాలుంటాయి. మామూలు ఉష్ణోగ్రతలో చిరిగినది స్పంజిలా గరుకుగా, అదే పరిమాణంలో ఎక్కువ ఉపరితలంతో ఉంటుంది. తారులో కలిపినప్పుడు గరుకు రేణువు త్వరగా ఉబ్బి కలుస్తుంది.

నైట్రోజన్‌కు రంగూ వాసనా లేవు. ఆవిరై గదిలో నిండితే ఆక్సిజన్‌ను తోసేస్తుంది, మనిషికి ఉక్కిరిబిక్కిరైనట్టు కూడా తెలియదు. గదిలో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గగానే అలారం మోగేలా సెన్సార్లు పెట్టేది ఇందుకే. 2021 జనవరి 28న అమెరికాలో జార్జియా రాష్ట్రం గెయిన్స్‌విల్‌లో ఒక కోడిమాంసం కర్మాగారంలో ఫ్రీజర్ నుంచి ద్రవ నైట్రోజన్ పొంగి ఆరుగురు చనిపోయారు. వారిలో ఏమైందో చూడ్డానికి వెళ్లినవారూ ఉన్నారు. అమెరికా రసాయన భద్రతా బోర్డు దర్యాప్తు చేసి, ద్రవమట్టాన్ని కొలిచే సన్నని గొట్టం వంగిపోయి ఉందని తేల్చింది. ఫ్రీజరు ఎంత నిండిందో కొలతకు తెలియలేదు, వాల్వు తెరిచే ఉంది. అక్కడి పని రబ్బరు నూరడం కాకపోయినా వాడినది అదే ద్రవం. కొలత అబద్ధం చెబితే నియంత్రణ దాన్ని నమ్మి నడుస్తుంది కాబట్టి, మట్టం కొలిచే సాధనంతో సంబంధం లేని రెండో సెన్సారు విడిగా ఉండి తీరాలి.

దుమ్ము

టైరును అగ్గిపుల్లతో అంటించడం కష్టం. అదే రబ్బరు సన్నపొడిగా గాలిలో తేలుతుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 2002 మే 16న అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం విక్స్‌బర్గ్‌లో, రబ్బరును సన్నగా నూరే రౌజ్ పాలిమెరిక్స్ కర్మాగారంలో పేలుడు జరిగి 11 మంది గాయపడ్డారు. వారిలో ఐదుగురు తరవాత చనిపోయారు. పేరుకుపోయిన రబ్బరు దుమ్ము పొరే ఆ పేలుడుకు ఇంధనమైంది. చక్కెర, కలప, ప్లాస్టిక్, లోహాలు, రబ్బరు, అన్ని రకాల దుమ్ములనూ కలిపి రసాయన భద్రతా బోర్డు 1980 నుంచి 2005 దాకా లెక్క తీస్తే అమెరికాలో 281 ప్రమాదాలు, 119 మరణాలు తేలాయి.

ఇలాంటి ప్రమాదాల్లో మొదటి పేలుడు చాలాసార్లు చిన్నదే. ఏ గొట్టంలోనో, ఏ దుమ్ముగదిలోనో ఒక పిడిగుద్దులాంటి తాకిడి. ఆ అదురుకు దూలాల మీదా పైపుల మీదా నెలల తరబడి పేరుకున్న దుమ్ము ఒక్కసారిగా లేస్తుంది, దానికి నిప్పంటుకుని రెండో పేలుడు జరుగుతుంది. భవనం కూలేది రెండోదానికే. సుమారు 0.8 మిల్లీమీటరు మందం పొర గది విస్తీర్ణంలో 5 శాతం మేర పరుచుకున్నా ప్రమాదకరమేనని అమెరికా అగ్నిమాపక ప్రమాణాలు హెచ్చరించాయి. చీపురూ వాక్యూమూ కూడా ఇక్కడ నియంత్రణ సాధనాలే.

నిప్పురవ్వకు ప్రత్యేక వల పన్నుతారు. అయస్కాంతాల నుంచి తప్పించుకున్న తీగ ముక్క కత్తికి తగిలి రవ్వ లేస్తే, గాలిగొట్టం లోపలి ఇన్‌ఫ్రారెడ్ సెన్సారు దాన్ని పట్టుకుంటుంది. గొట్టంలో గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతోందనీ, సెన్సారు తరవాత ఆరు మీటర్ల దూరంలో నీటి నాజిల్ ఉందనీ అనుకుందాం. రవ్వ అక్కడికి చేరేలోపు నీరు విచ్చుకోవడానికి ఉన్న వ్యవధి సెకనులో పదింట మూడు వంతులు. మనిషి చెయ్యి బటన్ దాకా కూడా వెళ్లదు.

గుట్టపోసిన తరవాత కూడా వేడి వదలదు. 1995లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇల్వాకో దగ్గరా, గార్ఫీల్డ్ కౌంటీలోనూ టైరు ముక్కలను మందంగా నింపి రోడ్డు కట్టలు వేశారు. నెలల్లోనే అవి ఎవరూ నిప్పు పెట్టకుండా లోపల్లోపలే వేడెక్కి పొగలు కక్కాయి. బయటపడ్డ ఉక్కు తీగలు తుప్పు పట్టేటప్పుడు పుట్టే వేడి, మందం ఎక్కువై బయటికి పోలేకపోవడం కారణాలుగా చెప్పారు. ఆ తరవాత వచ్చిన మార్గదర్శకాల్లో పొర మందం 3 మీటర్లు దాటకూడదన్నారు. మిల్లు నుంచి వేడివేడిగా వచ్చిన పొడిని చల్లార్చకుండా పెద్ద సంచుల్లో నింపితే ఇదే ప్రమాదం చిన్న ఎత్తున ఉంటుంది.

నడపడం కంటే ఆపడం

ఈ వరసను నడిపే క్రమం కొత్తవాళ్లకు తలకిందులుగా తోస్తుంది. ముందు స్టార్టయ్యేది చివరి యంత్రం. దుమ్ము పీల్చే ఫ్యాను, సంచులు నింపే స్క్రూ, జల్లెడ, మిల్లు, గ్రాన్యులేటర్, ఇలా వెనక్కి వచ్చి ఆఖరున ష్రెడర్. ఆపేటప్పుడు ష్రెడర్ ముందు ఆగుతుంది. మధ్యలో ఏదైనా ఆగిపోతే దాని ముందున్నవన్నీ ఆగాలి, వెనకున్నవి తమ దగ్గరున్నది ఖాళీ చేసుకోవాలి. లేకపోతే ఆగిన యంత్రం మీద సరుకు కుప్పపడుతుంది.

ఒకప్పుడు ఈ క్రమాన్ని వందల రిలేలతో, కట్టలు కట్టలు వైర్లతో అల్లేవారు. క్రమం మార్చాలంటే వైర్లన్నీ పీకి మళ్లీ కట్టాలి. 1968లో జనరల్ మోటార్స్‌లోని గేర్‌బాక్సుల విభాగం ఈ బాధ పడలేక, రిలేల బదులు ప్రోగ్రాముతో నడిచే పరికరం కావాలని అడిగింది. డిక్ మోర్లీ బృందం తయారుచేసిన మోడికాన్ 084 ఆ కోరికకు జవాబు. అది వాళ్ల సంస్థ చేపట్టిన 84వ ప్రాజెక్టు కాబట్టి ఆ అంకె. నేటి రబ్బరు కర్మాగారాల్లోని పీఎల్‌సీలు (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్లు) ఆ వంశానివే.

ప్రాణరక్షణకు సంబంధించిన స్టాపు మాత్రం మామూలు ప్రోగ్రామును నమ్ముకోదు. రెండు రోలర్ల మధ్యకు చెయ్యి వెళ్తే మిల్లు దాన్ని లోపలికి లాగేస్తుందే తప్ప వదలదు. అందుకే మిల్లు ముందు ఆపరేటరు ఒంటికి తగిలేంత ఎత్తులో ఒక అడ్డకడ్డీ ఉంటుంది. ఒళ్లు దాన్ని నెట్టగానే కరెంటు తెగి బ్రేకు పడుతుంది. ఆ బ్రేకు ఎంత బలంగా ఉండాలో అమెరికా కార్మిక భద్రతా నిబంధన అంకెల్లో చెప్పింది. రోలరు ఉపరితలం నిమిషానికి ఎన్ని అడుగులు జరుగుతోందో, అందులో ఒకటిన్నర శాతాన్ని అంగుళాలుగా తీసుకోవాలి. ఆ దూరంలోపు ఆగాలి. నిమిషానికి 100 అడుగుల వేగమైతే, ఒకటిన్నర అంగుళం.

ఎంత సన్నం?

యంత్రాన్ని ఎక్కడ నిలపాలో చివరికి చెప్పేది కొనేవాడు. 1960లలో అమెరికాలో ఫీనిక్స్ నగర పాలక సంస్థ ఇంజనీరు చార్లెస్ మెక్‌డొనాల్డ్ వేడి తారులో రబ్బరు పొడి కలిపి పగిలిన రోడ్లకు అతుకులు వేశాడు. మన రహదారుల పనుల్లో సీఆర్ఎంబీ అనే పేరుతో వినిపించే క్రంబ్ రబ్బరు తారుకు మూలం అలాంటి ప్రయోగాల్లోనే ఉంది. దీనికి 30 మెష్, అంతకంటే కొంచెం సన్నపొడి చాలు. కొత్త టైరు మిశ్రమంలో కలపాలంటే 80 మెష్, ఇంకా సన్నం కావాలి. ముతక రేణువు ఉన్నచోటే కొత్త టైరులో పగులు మొదలవుతుంది.

భారత ప్రభుత్వం 2022 జులైలో తెచ్చిన నిబంధనలు పాత టైర్ల బాధ్యతను తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద పెట్టాయి. రెండేళ్ల ముందు తయారైన టైర్ల బరువులో మొదటి ఏడాది 35 శాతానికి, తరవాత 70కి, 2024-25 నుంచి 100 శాతానికి సరిపడా రీసైక్లింగ్ సర్టిఫికెట్లు వాళ్లు కొనాలి. సదాశివపేటలో ఎమ్మారెఫ్, తిరుపతి జిల్లా చిన్నపండూరులో అపోలో, అచ్యుతాపురంలో యొకొహామా కర్మాగారాలున్న తెలుగు నేలకు ఇది దూరపు కబురు కాదు. సర్టిఫికెట్టుకు ఆధారం రీసైక్లర్ దగ్గర తయారైన సరుకు బరువు. బెల్టు కింద మోటారును కాపాడటానికి పెట్టిన తూకం ఇప్పుడు ఖాతా పుస్తకానికీ లెక్క ఇస్తోంది.

ఐరోపాలో మార్పు ఇంకో వైపు నుంచి వస్తోంది. అక్కడి కృత్రిమ గడ్డి ఆటస్థలాల్లో గడ్డి పోగుల మధ్య ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల టైరు గుళికలు నింపుతారు. ముతక సరుకు, నూరడానికి సులువు, కొనుగోలు భారీ. వానకు కొట్టుకుపోయి సూక్ష్మ ప్లాస్టిక్‌గా నేలలో చేరుతున్నాయని ఐరోపా సంఘం 2023లో వాటి అమ్మకాన్ని నిషేధించే నిబంధన తెచ్చింది, 2031 అక్టోబరు దాకా గడువిచ్చింది. ఆ గుళికల కోసం జల్లెడలు బిగించుకున్న కర్మాగారాలు గడువులోపు సన్నపొడి వైపు మళ్లాలంటే క్రాకర్ మిల్లులో చల్లటి నీరు, తిరుగుదారి మీద మీటర్లు, గాలిగొట్టాల్లో రవ్వలు పట్టే సెన్సార్లు అదనంగా అమర్చుకోవాల్సి ఉంటుంది.